మూడో ఏడాది రుసుము కట్టాలా: కొండపి ప్రాంత విద్యార్థిని నీట్ కేసు

2024 జూన్ రెండో వారంలో కొండపి ప్రాంతం నుంచి ఒక పొగాకు రైతు తన కూతురిని వెంటబెట్టుకుని ఒంగోలులోని మా ఇంటికి వచ్చారు. ఆయన చేతిలో కోచింగ్ సంస్థ ఇచ్చిన రసీదులు, అమ్మాయి చేతిలో ఆ నెల 4న వచ్చిన నీట్ మార్కుల పత్రం ఉన్నాయి. "సార్, పాప రెండుసార్లు రాసింది. మళ్లీ లక్షా డెబ్బై ఐదు వేలు కట్టమంటున్నారు. కట్టమంటారా, మానుకోమంటారా? మీరేది చెబితే అదే చేస్తాను" అన్నారు. ఆ సాయంత్రం నేను అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అమ్మాయి పరీక్ష హాలు నుంచి తెచ్చుకున్న ప్రశ్నపత్రం, వెబ్‌సైట్ నుంచి తీసుకున్న ఓఎంఆర్ (జవాబులు గీసిన పత్రం) ప్రతి, ఏడాది పొడవునా రాసిన వారపు పరీక్షల పుస్తకాలు తీసుకుని ఆదివారం రమ్మన్నాను.

నేను 2006 నుంచి బైపీసీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. మొదటి 11 ఏళ్లు రెసిడెన్షియల్ కళాశాలల్లో, అందులోనూ ఎక్కువ భాగం లాంగ్ టర్మ్ బ్యాచ్‌లకు, అంటే ఇంటర్ అయ్యాక మళ్లీ ప్రవేశ పరీక్ష కోసం ఏడాది పాటు శిక్షణ తీసుకునేవాళ్లకు, బోధించాను. తరువాత ప్రభుత్వ జూనియర్ కళాశాలకు మారాను. కోచింగ్‌ను లోపలి నుంచీ బయటి నుంచీ చూసినవాణ్ని కాబట్టి "కోచింగ్ దండగ" అనే మాటను గానీ, "కోచింగ్ లేకపోతే సీటు లేదు" అనే మాటను గానీ నేను ఒప్పుకోను. ఈ కేసును ఆ తండ్రీకూతుళ్ల అనుమతితో, వారిని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. మార్కులు, ఖర్చులు మాత్రం ఉన్నవి ఉన్నట్లే.

పూర్వరంగం

కుటుంబానికి నాలుగు ఎకరాల పొగాకు, ఆకు ఆరబెట్టే ఒక బ్యారన్ ఉన్నాయి. వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడుపోయిన కొద్దీ డబ్బు విడతలుగా చేతికొస్తుంది గానీ, కోచింగ్ సంస్థలు చేరిన రోజే సగం అడుగుతాయి. అందుకే 2023లో మొదటిసారి లాంగ్ టర్మ్‌లో చేర్చినప్పుడు ఆయన 1,75,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 3,500, ఏడాదికి 42,000 వడ్డీ. రసీదుల్లో కనబడని ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ముందు ముందు దీనితో పని ఉంది.

అమ్మాయి పదో తరగతి వరకు జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివింది. ఇంటర్ ఒంగోలులోని ప్రైవేటు కళాశాలలో ఇంగ్లిషు మాధ్యమంలో చదివి 1000కి 962 మార్కులు తెచ్చుకుంది. అదే ఏడాది, అంటే 2023లో, నీట్‌లో 720కి 318 వచ్చాయి. ఇంటర్‌లో అన్ని మార్కులు వచ్చిన పిల్లకు నీట్‌లో ఇవేమిటని ఇంట్లోవాళ్లు నివ్వెరపోయారు. మన ప్రాంతంలో ఈ నివ్వెరపాటు కొత్తది కాదు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంసెట్ ఉన్న రోజుల్లో ప్రశ్నపత్రం మన పాఠ్యపుస్తకాలనే ఆధారం చేసుకునేది, నెగటివ్ మార్కులు ఉండేవి కావు, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2017 నుంచి మన రాష్ట్రంలో మెడికల్ సీట్ల భర్తీ పూర్తిగా నీట్‌కు మారాక పరీక్ష జాతీయ స్థాయి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల మీదికి వెళ్లింది, తరగతి గది మాత్రం రాష్ట్రపు తెలుగు అకాడమీ పుస్తకాల దగ్గరే ఉండిపోయింది. ఆ మధ్య దూరాన్ని దాటించే పనిని కోచింగ్ సంస్థలు చేపట్టాయి. రుసుము పెరగడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం. 2025-26లో ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళిక వచ్చింది కాబట్టి ఇకపై చేరే పిల్లలకు ఆ దూరం కొంత తగ్గాలి. ఈ అమ్మాయికి ఆ వెసులుబాటు లేదు.

2023 జూన్‌లో ఆమె వేరే ఊరిలోని ఒక రెసిడెన్షియల్ లాంగ్ టర్మ్‌లో చేరింది. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఉదయం ఆరింటికి స్టడీ అవర్, రోజుకు ఏడు గంటల క్లాసులు, రాత్రి పదిన్నర దాకా మళ్లీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, సోమవారం ఉదయం నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా. మూడో పరీక్ష తరువాత ఆమెను మొదటి సెక్షన్ నుంచి మూడో సెక్షన్‌కు మార్చారు. పాఠం చెప్పేవాళ్లు కూడా మారిపోయారు. ఆ రోజు నుంచి తాను క్లాసులో ప్రశ్న అడగడం మానేశానని ఆమె నాతో చెప్పింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందూ చిన్నబుచ్చడం సాధ్యమైనంతవరకు మానుకోవాలని 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు, ప్రత్యేకించి కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులోనే ఆ తీర్పు వచ్చింది. దీనిని నేను కేవలం మనసుకు సంబంధించిన విషయంగా చూడను. ప్రశ్న అడగడం మానేసిన విద్యార్థికి కోచింగ్‌లో కొనుక్కున్న వస్తువులో సగం అందడం లేదన్నమాట.

2024 మే 5న జరిగిన నీట్‌లో ఆమెకు 452 వచ్చాయి.

134 మార్కుల పెరుగుదల ఎవరి ఖాతాలో వేయాలి?

సంస్థ తరఫున తల్లిదండ్రులతో మాట్లాడే పీఆర్వో ఆ తండ్రికి చెప్పిన లెక్క సూటిగా ఉంది. "318 నుంచి 452 తెచ్చాం. ఇంకో ఏడాది ఉంచితే 580 దాటిస్తాం." మొదటి ఏడాదిలో 134 పెరిగితే రెండో ఏడాదిలోనూ అంతే పెరుగుతాయన్న ఊహ వినడానికి సబబుగానే ఉంటుంది. తల్లిదండ్రులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి ఈ లెక్కను కొంచెం నిదానంగా విప్పి చూపుతాను.

నీట్‌లో జనరల్ అభ్యర్థుల అర్హత మార్కు అంటే 50వ పర్సంటైల్, అంటే పరీక్ష రాసినవాళ్లందరి వరుసలో సరిగ్గా నడిమధ్య నిలబడిన అభ్యర్థి మార్కు. అది 2023లో 137, 2024లో సవరించిన ఫలితాల ప్రకారం 162, 2025లో 144. అంటే 2024లో ఏ కోచింగూ లేకుండానే వరుస మధ్యలో ఉన్న అభ్యర్థికి 25 మార్కులు పెరిగాయి. పైకి వెళ్లేకొద్దీ ఆ పెరుగుదల ఇంకా ఎక్కువగా ఉండటం ఆ ఏడాది అందరమూ చూశాం. ఈ అమ్మాయి ర్యాంకు 2023లో మూడున్నర లక్షలు దాటి ఉండగా, 134 మార్కులు పెరిగిన తరువాత కూడా మూడు లక్షల లోపుకు మాత్రమే వచ్చింది. లక్షా డెబ్బై ఐదు వేల రుసుముకూ, 42 వేల వడ్డీకీ ఆమె వరుసలో నడిచిన దూరం అంతే. మార్కులు పెరగలేదని నేను అనను. పెరిగినవాటిలో కొన్ని ప్రశ్నపత్రానివి, కొన్ని ఒకే సిలబస్‌ను రెండో ఏడాది చదివినందుకు ఎవరికైనా వచ్చేవి, మిగిలినవి కోచింగ్‌వి. వీటిని విడదీయకుండా మొత్తాన్నీ ఒకరి ఖాతాలో వేయకూడదు.

ఫ్లెక్సీల మీది ర్యాంకుల విషయంలోనూ నేను ఇదే చెబుతాను. మంచి మార్కులున్న పిల్లలకు సంస్థలు రుసుములో పెద్ద రాయితీలు ఇచ్చి చేర్చుకుంటాయి. 550 తెచ్చుకున్న విద్యార్థిని రాయితీతో చేర్చుకుని 620 వచ్చాక ఫొటో వేస్తారు. 318తో పూర్తి రుసుము కట్టి చేరిన పిల్ల ఫొటో ఎక్కడా ఉండదు. పూర్తి రుసుము కట్టే ఇంటికి కావలసిన సమాచారం ఆ రెండో పిల్ల గురించే. అందుకే సలహాకు వచ్చిన ప్రతి తల్లిదండ్రులనూ సంస్థ దగ్గర ఒకే ప్రశ్న అడగమంటాను: "మా పిల్లకు ఇప్పుడున్న మార్కులతో నిరుడు మీ దగ్గర ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమందికి సీటు వచ్చింది?" ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు తెచ్చినవాళ్లు నాకు ఒక్కరు కూడా కనబడలేదు. "క్వాలిఫై అయ్యారు" అనే మాటతో తృప్తిపడవద్దు. 2025లో పరీక్ష రాసిన 22 లక్షల పైచిలుకు అభ్యర్థుల్లో 12.36 లక్షల మంది అర్హత సాధించారు. అప్పటికి దేశంలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు. ఎంపికైన అభ్యర్థి ఏ కోర్సులో, ఎంతకాలం చదివారో, డబ్బు కట్టి చదివారో లేదో చెప్పకుండా, వారి అనుమతి లేకుండా ఫొటోలు వాడటాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు తప్పుబట్టాయి. తల్లిదండ్రులు ఆ మార్గదర్శకాల పేరు ఎత్తి అడిగితే పీఆర్వోల మాట తీరు మారడం నేను గమనించాను.

పరీక్షపత్రం చెప్పిన సంగతి

ఆదివారం అమ్మాయి ఒక గోనె సంచిలో 38 వారపు పరీక్షల పుస్తకాలు తెచ్చింది. వాటిలో ఒక్కదానిలోనైనా తప్పు పక్కన దిద్దిన గుర్తు లేదు. కీ చూసి మార్కులు వేసుకుని, మొత్తం కూడి, అట్ట మీద రాసి మూసేసింది. తప్పులను తిరిగి చూడటానికి టైం టేబుల్‌లో ఒక్క గంట కూడా లేదు. సోమవారం ఆరింటికే కొత్త పాఠం మొదలయ్యేది.

నీట్ పత్రాన్ని ఆమెతో కలిసి నాలుగు గంటలు చూశాను. అప్పట్లో 200 ప్రశ్నలిచ్చి 180కి జవాబులు కోరేవారు. జీవశాస్త్రంలో 87 రాస్తే 74 ఒప్పు, 13 తప్పు; 283 మార్కులు. రసాయనశాస్త్రంలో 41 రాస్తే 29 ఒప్పు, 12 తప్పు, 104 మార్కులు. భౌతికశాస్త్రంలో 40 రాస్తే 21 ఒప్పు, 19 తప్పు, 65 మార్కులు. భౌతికశాస్త్రంలోని ఆ 19 తప్పులను ఒక్కొక్కటిగా విప్పాం. సూత్రం తెలియక పోయినవి నాలుగే. ప్రశ్నను సరిగా చదవనివి మూడు, ఊహించి గీసినవి మూడు. మిగిలిన తొమ్మిదింటిలో సూత్రం తెలుసు గానీ ఇచ్చిన పరిస్థితికి దాన్ని ఎలా వాడాలో తెలియలేదు.

ఆ తొమ్మిది ఎలాంటివో తేల్చుకోవడానికి ఆమెకు ఒక చిన్న బిట్ ఇచ్చాను. ఒక తీగను సాగదీసి పొడవును రెట్టింపు చేస్తే నిరోధం ఎన్ని రెట్లవుతుంది? ఆమె వెంటనే "రెండు రెట్లు సార్" అంది. సూత్రం చెప్పమ్మా అంటే "ఆర్ ఈజీక్వల్టు రో ఎల్ బై ఏ" అని తడుముకోకుండా చెప్పింది (ఆర్ నిరోధం, ఎల్ పొడవు, ఏ అడ్డుకోత వైశాల్యం). నోట్సులో ఆ సూత్రం రెండు చోట్ల, రెండు రంగుల్లో, చుట్టూ గడి గీసి ఉంది. అప్పుడు మా వంటింట్లోంచి కొంచెం చపాతీ పిండి తెప్పించి, తాడులా చేసి ఆమె చేతిలో పెట్టి లాగమన్నాను. పొడవు పెరిగేకొద్దీ నడుమ సన్నబడింది. రెండు క్షణాలు చూసి "మందం తగ్గుతోంది సార్... అంటే ఏ సగమవుతుంది... నాలుగు రెట్లు" అంది. తీగలో ఉన్న లోహం అంతే ఉంటుంది, పొడవు రెట్టింపైతే అడ్డుకోత వైశాల్యం సగమవుతుంది అన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదని కాదు. నూట ఇరవై మంది ఉన్న గదిలో అది ఒక వాక్యంగా వచ్చి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నా డైరీలో నేను రాసుకున్న నిర్ధారణ ఇది: జీవశాస్త్రం పటిష్ఠంగా ఉంది, రోజూ తిరగేస్తే చాలు. రసాయనశాస్త్రంలో అకర్బన భాగం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదవనందువల్ల పోయింది. భౌతికశాస్త్రానికి మనిషి కావాలి. మూడు సబ్జెక్టులకూ మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా మూడోసారి వినిపించే కోర్సు ఈమె రోగానికి మందు కాదు. మళ్లీ అదే కోర్సుకు డబ్బు కడితే రోజుకు ఏడు గంటల్లో అయిదు గంటలు తెలిసినదే వింటుంది.

వేసిన పథకం, పెట్టిన ఖర్చు

ఇంట్లో ఉండి చదవడం కుదరదని మొదటే తేలింది. వెళ్లిన ప్రతి పెళ్లిలోనూ "ఇంకా డాక్టరు కాలేదా" అని అడిగే బంధువుల మధ్య రెండుసార్లు సీటు రాని ఆడపిల్ల పది నెలలు ఏకాగ్రతతో కూర్చోలేదు. ఒంగోలులో ఆమె పిన్ని ఉన్నారు. అక్కడ ఉండటానికి ఏర్పాటైంది. పదవీ విరమణ చేసిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడి దగ్గర వారానికి మూడు రోజులు, నలుగురే పిల్లలున్న ట్యూషన్‌లో చేర్పించాం. నెలకు 4,000 చొప్పున ఏడు నెలలకు 28,000. పూర్తి స్థాయి పరీక్షల టెస్ట్ సిరీస్‌కు 6,500. పుస్తకాలకు, జిరాక్సులకు 3,500. రీడింగ్ రూముకు నెలకు 600 చొప్పున పది నెలలకు 6,000. మొత్తం 44,000 రూపాయలు. అర్థం కాని పాఠాలకు కేంద్ర విద్యాశాఖ కోసం ఐఐటీ కాన్పూర్ ఉచితంగా నడుపుతున్న సాథీ పోర్టల్ వీడియోలు వాడుకుంది. అంటే ఆ తండ్రి నిరుటి రుసుము మీద కట్టిన వడ్డీకి ఇంకో రెండు వేలు కలిపితే ఈ ఏడాది మొత్తం గడిచింది.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. పిన్ని ఇంటి భోజనానికి, గదికి ఈ లెక్కలో వెల లేదు. తండ్రి పంపిన బియ్యం బస్తాలు ఆ రుణాన్ని తీర్చవు. పట్నంలో దగ్గరి బంధువులు లేని పిల్లకు హాస్టల్ ఖర్చు కలుస్తుంది. ఆమె తప్పులు చూడటానికి నేను వెచ్చించిన సోమవారం ఉదయాలకూ ఎవరూ డబ్బు కట్టలేదు. అయినా హాస్టల్ ఖర్చు కలుపుకున్నా ఇది లాంగ్ టర్మ్ కంటే తక్కువే.

పని విధానంలో ముఖ్యమైనది వినడం కాదు, రాయడం. చదివినదాన్ని మళ్లీ మళ్లీ చదివేవాళ్లకూ, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసేవాళ్లకూ తేడాను అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తరువాత అడిగితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు స్పష్టంగా ముందున్నారు. లాంగ్ టర్మ్‌లో వారపు పరీక్షలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, ఆ వ్యవస్థలో నేను మెచ్చుకునే భాగమూ అదే. కానీ పరీక్ష రాశాక తప్పు ఎందుకు వచ్చిందో చూసుకోకపోతే సగం లాభం నేలపాలవుతుంది. మేము ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, అసలు పరీక్ష వేళకే, పేపరు మొదలుపెట్టేవాళ్లం. సోమవారం ఉదయం పూర్తిగా తప్పులదే. ఒక పొడుగు పుస్తకంలో ప్రతి తప్పుకూ ఒక వరస: ఏ ప్రశ్న, ఏమి రాశాను, ఎందుకు రాశాను, మళ్లీ ఎప్పుడు చేశాను. "ఎందుకు రాశాను" అన్న గడిలో "సిల్లీ మిస్టేక్" అని రాయడానికి అనుమతి లేదు. ఏ మెట్టు దగ్గర కాలు జారిందో రాయాలి. డిసెంబరు దాకా రెండు వారాలకు ఒకటి చొప్పున 8, జనవరి నుంచి వారానికి ఒకటి చొప్పున 16, మొత్తం 24 పరీక్షలు రాసింది.

నెగటివ్ మార్కుల విషయంలో ఆమెకు నేర్పిన పాఠం "తెలియకపోతే వదిలెయ్" అని కాదు. ఒప్పుకు 4 వస్తాయి, తప్పుకు 1 పోతుంది. నాలుగు జవాబుల్లో ఏదీ తెలియకుండా గీస్తే సగటున పావు మార్కు లాభమే గానీ నష్టం లేదు. ఒకదాన్ని కచ్చితంగా కొట్టేయగలిగితే ఆ లాభం మూడింట రెండు మార్కులవుతుంది, రెండింటిని కొట్టేస్తే ఒకటిన్నర. కాబట్టి భయపడి వదిలేయడం కాదు, కొట్టేయడం నేర్చుకోవాలి. అయితే ఊహకు పట్టే సమయం తెలిసిన ప్రశ్న నుంచి దొంగిలించింది కాకూడదు. 2025 జనవరిలో ఐచ్ఛిక ప్రశ్నలు తీసేసి 180 ప్రశ్నలకు 180 నిమిషాలు అని ప్రకటించారు. అంతకు ముందు 200 నిమిషాలు ఉండేవి. అప్పటినుంచి జీవశాస్త్రాన్ని 50 నిమిషాల్లో ముగించడం సాధన చేయించాం. ఆ మార్పు తెలిసేనాటికి ఆమె చేతిలో ఇంకా మూడు నెలలున్నాయి, అది అదృష్టం.

నేను చేసిన పొరపాటు

సెప్టెంబరులో భౌతికశాస్త్రం మీది ఆత్రంతో, జీవశాస్త్రం ఎలాగూ వస్తుంది కదా అని ఆరు వారాలు దాన్ని పక్కన పెట్టమన్నాను. నవంబరు మొదటి పరీక్షలో ఆ సబ్జెక్టు మార్కులు 290 దగ్గరి నుంచి 255కు పడ్డాయి. భౌతికశాస్త్రంలో అప్పటికి పెరిగినవి 14. అమ్మాయి ఆ రోజు పేపరు బల్ల మీద పెట్టి "మీరు చెప్పినట్లే చేశాను సార్" అంది. ఆ మాటలో నింద లేదు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఏ సబ్జెక్టు బలంగా ఉందో దానికే రోజూ రెండు గంటలు కాపలా ఉండాలని నాకు తెలియనిది కాదు. 360 మార్కుల సబ్జెక్టును 180 మార్కుల సబ్జెక్టు కోసం ఎండగట్టాను. ఆ లోటు పూడ్చడానికి సంక్రాంతి దాకా పట్టింది. రెసిడెన్షియల్ సంస్థలో ఈ పొరపాటు జరిగేది కాదు. వాళ్ల టైం టేబుల్ ఏ సబ్జెక్టునూ వదిలిపెట్టదు. విడిగా చదివే పిల్లలకు ఉన్న నిజమైన ప్రమాదం ఇదే.

ఫలితం

2025 మే 4న జరిగిన పరీక్షలో భౌతికశాస్త్రం ఎంత కఠినంగా వచ్చిందో రాసినవాళ్లందరికీ తెలుసు. అంతకు ముందు ఏడాది 720కి 720 తెచ్చుకున్నవాళ్లు ఉండగా, ఈసారి దేశంలో మొదటి ర్యాంకుకే 686 వచ్చాయి. అమ్మాయి బయటికి వచ్చి గేటు దగ్గరే ఏడ్చేసింది. ఆమెకు జీవశాస్త్రంలో 288, రసాయనశాస్త్రంలో 105, భౌతికశాస్త్రంలో 75 వచ్చాయి. మొత్తం 468. నిరుటి కంటే 16 ఎక్కువ. "ఏడాదంతా చదివి 16 మార్కులా" అని ఊళ్లో అనుకున్నారట. ర్యాంకు మాత్రం మూడు లక్షల దగ్గరి నుంచి లక్ష లోపుకు వచ్చింది. 134 మార్కులు పెరిగిన ఏడాది వరుసలో కొంచెం జరిగిన పిల్ల, 16 మార్కులు పెరిగిన ఏడాది దాదాపు రెండు లక్షల మందిని దాటింది. భౌతికశాస్త్రంలో తప్పులు 19 నుంచి 13కు తగ్గాయి. అంత కష్టమైన పత్రంలో ఒప్పులు 21 నుంచి 22కు పెరిగాయి. రెండో విడత కౌన్సెలింగ్‌లో బీసీ రిజర్వేషన్ మీద, ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతంలోకి వస్తుంది కాబట్టి ఆ ప్రాంతపు జాబితాలో, ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో కన్వీనర్ కోటా సీటు (ర్యాంకు ప్రకారం ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేది) వచ్చింది.

ఇదంతా మా పథకం వల్లనే జరిగిందని నేను చెప్పలేను. మూడో ఏడాది చదువు కూడా అందులో ఉంది. నిరుడు లాంగ్ టర్మ్‌లో వేసిన పునాది ఉంది. రసాయనశాస్త్రంలో ఆమెకు కర్బన భాగం అంత బాగా రావడం అక్కడి అధ్యాపకుడి చలవేనని ఆమె ఇప్పటికీ చెబుతుంది. అదే సంస్థకు మళ్లీ వెళ్లి ఉంటే ఏమయ్యేదో చూడటానికి రెండో అమ్మాయి లేదు.

లాంగ్ టర్మ్ తగిన కేసు

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు నుంచి అదే 2024లో వచ్చిన ఒక అబ్బాయికి నేను ఏమాత్రం తటపటాయించకుండా రెసిడెన్షియల్ లాంగ్ టర్మ్‌లో చేరమన్నాను. ప్రభుత్వ కళాశాలలో ఇంటర్ రెండేళ్లలో చాలాకాలం భౌతికశాస్త్రం చెప్పేవాళ్లే లేరు. నీట్‌లో 190 వచ్చాయి. మూడు సబ్జెక్టుల్లోనూ ఒకే రకంగా, పాఠాలకు పాఠాలే ఖాళీ. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు, తనంతట తాను టైం టేబుల్ వేసుకున్న అలవాటు లేదు. ఇలాంటి విద్యార్థికి వరుసగా సిలబస్ మొత్తం చెప్పేవాళ్లు, పొద్దున్నే లేపి కూర్చోబెట్టేవాళ్లు కావాలి. ఈ పనిని సంస్థలు బాగా చేస్తాయి. 1979లో నెల్లూరులో ట్యూషన్ గదిగా మొదలైన నారాయణ సంస్థ అంతగా విస్తరించడానికి మన ప్రాంతంలో ఇలాంటి పిల్లలు వేలాదిగా ఉండటమూ ఒక కారణమని నేననుకుంటాను. చేరే ముందు మాత్రం, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి రుసుము పది రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న 2024 జనవరి నాటి కేంద్ర మార్గదర్శకాన్ని చూపించి ఆ మాట రసీదు మీద రాయించుకోమన్నాను. 18 శాతం జీఎస్టీ కలిపి చెబుతున్నారో, విడిగా చెబుతున్నారో కూడా అడగమన్నాను. ఆ అబ్బాయి 2025లో 371 తెచ్చుకున్నాడు. సీటు రాలేదు, కానీ అతని రెండో ఏడాదికి ఇప్పుడు ఒక ఆధారం ఉంది. ఈసారి అతను ఏ సబ్జెక్టుకు డబ్బు కట్టాలో, ఏది సొంతంగా చదవాలో పేపరు చూసి చెప్పగలను.

2025 దసరా సెలవుల్లో కొండపి రైతు మళ్లీ వచ్చారు. ఈసారి వెంట కొడుకు ఉన్నాడు, బైపీసీ రెండో సంవత్సరం. అక్కను చదివించినట్లే వీణ్ని కూడా పిన్ని ఇంట్లో పెట్టి అదే ట్యూషన్‌లో చేర్చమంటారా అని అడిగారు. కళాశాలలో రాసిన చివరి మూడు గ్రాండ్ టెస్టుల పత్రాలు చూశాను. భౌతికశాస్త్రంలో అక్క కంటే ఎంతో మెరుగు. జీవశాస్త్రంలో ఎన్‌సీఈఆర్‌టీలోని ఇంగ్లిషు వాక్యాన్ని చివరిదాకా చదవకుండానే జవాబు గీస్తున్నాడు. "కానిది ఏది" అని అడిగిన బిట్లలో సగం పోయాయి. భౌతికశాస్త్రం ట్యూషన్ వద్దన్నాను. రోజూ జీవశాస్త్రం పుస్తకంలో రెండు పేజీలు గట్టిగా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తెలుగులో రాసి, వారం తరువాత ఆ నోటుబుక్కు తెచ్చి చూపించమన్నాను. దానికి 30 రూపాయల నోటుబుక్కు కొనమని తండ్రికి చెప్పాను.